వెతకని సంచులు

చిరంజీవి అమ్మాయికి, నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ నీ కూతురూ క్షేమం, నా మోకాళ్లను మినహాయిస్తే. అక్కడ నీకు నైట్ డ్యూటీలు తగ్గాయనుకుంటాను.

మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగావు. వేసుకుంటున్నాను. ఆ పాత పుస్తకాలు అమ్మేయమన్నావు. నేను పోయాక నువ్వే అమ్ముకో. ఫోటోలో పిల్ల చిక్కిపోయింది, కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయన్నావు. అది చివర చెబుతాను. ముందు మన ఇస్త్రీచొక్కా హెడ్మాస్టరు సంగతి.

అదే, పైవాళ్ల చుట్టూ తిరిగి, నాకు రావలసిన హెడ్మాస్టరు కుర్చీ తన్నుకుపోయినవాడు గుర్తున్నాడుగా? బడిలో పిల్లలు మత్తు కోసం వైట్‌నర్ పీలుస్తున్నారని తెలిసి సోదాలు మొదలుపెట్టాడు. ఎవరి సంచులనుకున్నావు? పల్లె బస్సు దిగే పిల్లలవి మాత్రమే. కార్లూ స్కూటర్లూ దిగే పట్నం పిల్లలు, నీ కూతురితో సహా, నేరుగా క్లాసుకు పోవచ్చు. చరిత్రలో ఇలాంటి ఏలికల గురించి చాలా చదివాను. వాళ్లకు కనీసం కోటలుండేవి.

మొన్న ఒక పల్లె పిల్ల సంచిలో సీసా దొరికింది. టీసీ రాస్తున్నారు. ఆ పిల్ల తండ్రి, దర్జీ పని చేసుకునే మనిషి, ఆఫీసు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడట. అప్పుడు నీ కూతురు లోపలికి వెళ్లి తన సంచి బల్లమీద బోర్లించింది. సీసాలు, రుమాలు.

"ఆ సీసా నేనిచ్చిందే సార్. మా సంచులు మీరెప్పుడూ చూడరు కదా, అందుకే అందరివీ మా దగ్గరే దాస్తాం."

నన్ను పిలిపించారు. ఇస్త్రీచొక్కా తలుపు దగ్గరగా వేసి, "మాస్టారూ, మీ మనవరాలు కాబట్టి ఇది ఈ గది దాటదు. ఆ పిల్లను పంపేస్తే సరిపోతుంది" అన్నాడు.

నేను లేచి తలుపు బార్లా తీశాను. "పంపితే ఇద్దర్నీ పంపు. ఉంచితే ఇద్దర్నీ డాక్టరుకు చూపించు. మూడో దారి కావాలంటే, అదిగో, ఆ తండ్రికి నువ్వే చెప్పు."

దర్జీ తలెత్తి చూశాడు. ఇస్త్రీచొక్కా టీసీ చింపేశాడు. పిల్లలిద్దరూ ఇప్పుడు సాయంత్రాలు ఆసుపత్రిలో కౌన్సెలింగ్‌కు కలిసి వెళ్తున్నారు. బడిలో ఇప్పుడు సోదా లేదు, దాచినవాళ్లే సీసాలు తెచ్చి ఇస్తున్నారు. ఇన్నేళ్లకు వాడి ముఖం వాడిపోవడం కళ్లారా చూశాను, ఆకలేసింది, తృప్తిగా తిన్నాను.

అమ్మాయీ, ఫోటోలో ఆ కళ్ల సంగతి నీకిప్పటికి అర్థమయ్యే ఉంటుంది. తిట్టాలనిపిస్తే నన్ను తిట్టు. నీ మనసు కష్టపడుతుందని ఇక్కడ "ఒకటి రెండుసార్లు పీల్చింది" అని రాసి, దానికి చదివి వినిపించాను. అది ఒప్పుకోలేదు.

"అమ్మకు అబద్ధం రాయకు తాతయ్యా. చాలాసార్లు అని రాయి. నిన్న కూడా పీల్చాలనిపించింది, పీల్చలేదు. అదీ రాయి."

రాశాను. మన ఇంట్లో ఇంత గుండె ధైర్యం ఎవరికీ లేదు, నాతో సహా.

ఇట్లు,
నీ కూతురికి తాతయ్య