పాత మేడం

ఫిబ్రవరి 20, గురువారం

గౌరవనీయులైన సిస్టరక్క గారికి,

మీ వార్డులో కిటికీ పక్క మంచం మీద నాలుగు రోజులు పడుకున్న అమ్మాయి నమస్కారాలు చెప్పి రాస్తున్న ఉత్తరం. ముందుగా అందరం క్షేమం అని రాయాలి కదా, అది రాసేశాను. నేను ఎంత క్షేమమో కింద చెంచాలతో సహా రాస్తాను.

మీరు ఫోన్ చేసినప్పుడల్లా నేను ఊఁ అనడం తప్ప ఏమీ చెప్పడం లేదని, "నీ గొంతు వినాలంటే నాకు ఇంకో చెవి మొలవాలి తల్లీ, కాగితం మీద రాసి పంపు" అని మీరే అన్నారు. ఎదురుగా మనిషి లేకపోతే నాకు మాటలు బాగానే వస్తాయి. ఐదో తరగతితో చదువు ఆగిపోయింది, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు మీతో తిట్లు తినాల్సిన కబురు చెప్పేస్తాను. నిన్నటి నుంచి పనిలోకి వెళ్తున్నాను. డాక్టరు గారు ఆరు వారాలు ఇంట్లో ఉండమన్నారు. లావు తగ్గే ఆపరేషనయ్యి నిన్నటికి పదహారు రోజులే. అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి, "నువ్వు పొట్ట కోయించుకొచ్చావా, జుట్టు కత్తిరించుకొచ్చావా?" అని అడిగారు. మా ఆయన మాత్రం "పోనీలే అమ్మా, కూర్చుని చెప్పే పనే కదా, బరువులు ఎత్తదులే" అన్నారు. ఆయన లిఫ్టులు బాగుచేస్తారని మీకు తెలుసు కదా, ఆయన సరదాలు కూడా అలాగే ఉంటాయి. "ఇదివరకు నలుగురు ఎక్కే లిఫ్టులో నువ్వుంటే ముగ్గురే. ఇప్పుడు నా దోస్తును కూడా ఎక్కించొచ్చు" అని నవ్వారు. నిద్రలో నా ఊపిరి ఆగిపోతే లేచి కూర్చుని కుదిపిన మనిషి ఆయన. ఇప్పుడు హాయిగా గుర్రు పెడుతున్నారు.

వెళ్ళక తప్పలేదక్కా. కుట్టు నేర్పే కేంద్రంలో నా దగ్గర పద్నాలుగు మంది అమ్మాయిలు ఉన్నారు. వచ్చే నెలాఖరుకి వాళ్ళకు పరీక్ష. నాకు పాఠం చెప్పడం రాదు. కొలతలు తీయడం నా ఒంటి మీదే నేర్పుతాను. చేతులు చాచి నిలబడితే వాళ్ళు టేపు పట్టుకుని నా చుట్టూ తిరుగుతారు. తప్పు చోట పెడితే ఆ చెయ్యి పట్టుకుని సరైన చోటికి జరుపుతాను, అంతే. నాలాంటి ఒంటికి సరిగ్గా కుట్టగలిగితే ఇంకెవరికైనా కుట్టేస్తారని మా పెద్ద మేడం అంటుంటారు.

ఆసుపత్రికి వచ్చే ముందు రోజు ఆ పిల్లలు ఒక పని చేశారు. "మీరు లేని రోజుల్లో ఎవరి మీద నేర్చుకోవాలి మేడం?" అని, నాకొక పాత గౌను తొడిగి, దాని మీద జిగురు కాగితం పట్టీలు తడిపి మెడ నుంచి మోకాళ్ళ దాకా అతికించారు. ఆరేదాకా ఫ్యాను కింద నిలబెట్టారు. తర్వాత వీపు వెంట కత్తెరతో చీల్చి నన్ను అందులోంచి బయటికి తీశారు. చీలిక కుట్టేసి, లోపల గుడ్డముక్కలు కూరి, ఒక కర్రకు ఎక్కించారు. అందరం నవ్వుకున్నాం.

నిన్న తలుపు తీసేసరికి అది నాకు ఎదురుగా ఉంది. తల లేదు, చేతులు లేవు. మిగతాదంతా నేనే. నా ఎడమ భుజం కుడి భుజం కంటే అరంగుళం కిందికి ఉంటుంది. దానికీ అంతే. దాని మెడలో నా టేపు వేలాడుతోంది.

అమ్మాయిలు దానికి పాత మేడం అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళలో ఒక వాగుడుకాయ ఉంది, వసపిట్ట అని పిలుస్తాం. అది నా చుట్టూ తిరిగి చూసి, "అయ్యయ్యో, మా మేడంని ఎవరో కొంచెం ఎత్తుకుపోయారే!" అంది. ఇంకొకతి "ఎక్కడికీ పోలేదు, అదిగో అక్కడ నిలబడింది" అంది. నేనూ నవ్వాను.

ఒక్క సంగతి అడగాలి. మత్తు దిగిన రోజు, నా కడుపు సంచిని అరటిపండంత గొట్టంలా మిగిల్చి మిగతాది కోసి తీసేశారని మీరు చెప్పారు. ఆ తీసినదాన్ని ఏం చేస్తారు? అప్పుడే అడగాలనుకున్నాను, నోరు పెగలలేదు.

ఇక చెంచాలు. అత్తయ్య ఆరు చిన్న డబ్బాలు సర్దుతారు. ఇంట్లో రెండు, కేంద్రంలో నాలుగు. నిన్న పొడి కలిపిన పాలు, పలచని గంజి, వడకట్టిన సూపు, మెదిపిన పెరుగు, అన్నీ చెంచాకీ చెంచాకీ మధ్య మీరు చెప్పినంత సేపు ఆగి తీసుకున్నాను. ఆరూ ఖాళీ.

ఉంటానక్కా.

ఇట్లు,
కిటికీ పక్క మంచం


మార్చి 3, సోమవారం

సిస్టరక్క గారికి నమస్కారాలు.

మీ జవాబు చేరింది. మీరు క్షేమమని చదివి సంతోషించాను. తీసినదాన్ని పరీక్షకు పంపి తర్వాత కాల్చేస్తారని, పోయినదాని మీద బెంగ పెట్టుకోవద్దని రాశారు. అలాగే. కానీ నా ఉత్తరం వార్డులో మిగతా వాళ్ళకు చదివి వినిపించానని, "చూడండి, ఈ పిల్ల చెంచాలు కూడా లెక్కపెట్టుకుంటోంది" అని చెప్పానని రాశారు చూడండి, ఆ ముక్క చదివి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దయచేసి ఈ ఉత్తరం ఎవరికీ చదవకండి.

ఇక్కడి సంగతులు. అత్తయ్య వంటింట్లో గడియారం పెట్టుకుని, నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటున్నారు. నేను మింగితే ఆవిడ గొంతు కదులుతుంది. "ఏమ్మాయ్, నోట్లోనే ఉంచుకున్నావేం, అద్దెకిచ్చావా?" అంటారు. ఆవిడ మంచికే అంటారు. ఆ కళ్ళు మాత్రం నా నోటి మీది నుంచి పక్కకు పోవు.

పనిలో నాకొక ఇబ్బంది వచ్చింది. నా కొలత నిలవడం లేదు. సోమవారం తీసిన నడుము శుక్రవారానికి ఉండటం లేదు. అందుకని అమ్మాయిలు పరీక్ష గౌన్లన్నీ పాత మేడం కొలతకే కత్తిరించారు. టేపు పట్టుకుని దాని చుట్టూ తిరుగుతారు. "పాత మేడం, కొంచెం జరగండి" అంటారు, "పాత మేడంకి గుండుసూది గుచ్చుకుంటుంది, చూసుకోవే" అంటారు. నేను కుర్చీలో కూర్చుని చూస్తుంటాను. ఎనిమిదేళ్ళుగా రోజూ పది చేతులు నా మీద ఉండేవి. మాట రాని మనిషికి అదే మాట. ఇప్పుడు నన్ను ముట్టుకునే పని ఎవరికీ లేదు.

మధ్యాహ్నం అమ్మాయిలు తినడానికి కిందికి వెళ్తారు. మిషన్లన్నీ ఆగిపోతాయి. గదిలో నేనూ అదీ మిగులుతాం. ఎండ కిటికీలోంచి వచ్చి దాని పొట్ట మీద పడుతుంది. నేను డబ్బా మూత తీసిన చప్పుడుకి అది ఇటు తిరిగినట్టుంటుంది. తల లేనిదానికి చూపెక్కడిదని నాకూ తెలుసు. ఒకరోజు దాన్ని గోడ వైపు తిప్పి పెట్టాను. మర్నాడు వచ్చేసరికి మళ్ళీ నా కుర్చీ వైపే ఉంది. గౌను ముందు భాగం అమర్చడానికి అమ్మాయిలే తిప్పారట.

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. శుక్రవారం దాని నడుము కొలిచాను. పిల్లలు దాన్ని చేసిన రోజు యాభై ఒకటి, గోడ మీది పట్టికలో రాసి ఉంది. ఇప్పుడు యాభై రెండున్నర వచ్చింది. టేపు జారిందేమోనని మళ్ళీ కొలిచాను. మూడోసారి కూడా అంతే. నాది కొలుచుకుంటే నలభై ఆరు. నా నుంచి పోయింది ఎటు పోతోందక్కా? మనుషులు చెప్పేదాంట్లో నాకు ఎప్పుడూ అనుమానమే, టేపు చెప్పేదాంట్లో మాత్రం ఇన్నేళ్ళలో అనుమానం రాలేదు.

మా ఆయనతో అంటే, "కాగితం కదే పిచ్చిదానా, చెమ్మకు ఉబ్బి ఉంటుంది" అన్నారు. వాన పడి రెండు నెలలైంది.

చెంచాల సంగతి మర్చిపోలేదు. ఆరు డబ్బాలూ వేళకు పూర్తి అవుతున్నాయి. మెదిపిన గుడ్డు కూడా మొదలుపెట్టాను. నీళ్ళు విడిగా తాగుతున్నాను.

ఇట్లు, మీ వార్డులో మీరు బాగా చూసుకున్న
కిటికీ పక్క మంచం


మార్చి 12, బుధవారం

సిస్టరక్క గారికి నమస్కరిస్తూ,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. రేపు మా ఆయన మీ ఆసుపత్రి లిఫ్టు చూడటానికి వస్తున్నారు. ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను. పిల్లలూ మీరూ కులాసా అని తలుస్తాను.

పాత మేడం లావెక్కిన గుట్టు తెలిసింది. సోమవారం ధైర్యం చేసి వసపిట్టను అడిగాను. అది టపటపా కళ్ళు ఆర్పి, "నడుము దగ్గర లోపలికి పోయి సొట్ట పడింది మేడం, మెడలోంచి చెయ్యి పెట్టి నాలుగు పిడికిళ్ళు గుడ్డముక్కలు కుక్కాను. పాపం, ఆకలితో ఉందేమో, గబగబా మింగేసింది" అంది. పక్కనున్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. మా ఆయన చెప్పిన చెమ్మా కాదు, నేననుకున్నదీ కాదు. గుడ్డముక్కలు. నా భయం ఆ నిమిషంలో పోవాలి కదా. పోలేదు. మధ్యాహ్నం మళ్ళీ డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంటే ఆ భయం మళ్ళీ నా వెనకే ఉంది. కారణం తెలిసినా ఉంది.

మిగతా కబుర్లు చిన్నవే. పాదాలు తిమ్మిరెక్కుతున్నాయి. నేల మీద దూది పరిచినట్టుంది. మిషను తొక్కుతుంటే పాదం పెడలు మీద ఉందో లేదో వంగి చూసుకోవాల్సి వస్తోంది. నిన్న సూదిలో దారం ఎక్కించబోతే రెండు సూదులు కనిపించాయి. దేన్లో ఎక్కించాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చుంటే, వసపిట్ట వచ్చి దారం తీసుకుని, ఏమీ అనకుండా ఎక్కించి ఇచ్చింది. అది ఏమీ అనకపోవడం నేను మొదటిసారి చూశాను. తల ఎత్తితే మూలనున్న పాత మేడం పక్కన ఇంకో పాత మేడం.

కంగారు పడకండి. కళ్ళజోడు రావాల్సిన వయసేమీ కాదు కానీ, సన్న కుట్టు పని కదా. శనివారం కళ్ళు చూపిస్తానని ఆయన అన్నారు. అత్తయ్య "కుర్చీకి అతుక్కుపోయావే నువ్వు, నాలుగడుగులు నడువు" అంటున్నారు. నడుస్తున్నాను, గోడ పట్టుకుని.

ఆరు డబ్బాలూ పూర్తి అవుతున్నాయి. నిన్న మెత్తటి అన్నం రెండు చెంచాలు, గుడ్డులో సగం, సూపు.

మీ దయ ఎప్పుడూ ఉండాలి.

ఇట్లు,
కిటికీ పక్క మంచం


తా.క.

పైదంతా నిన్న మధ్యాహ్నం కేంద్రంలో కూర్చుని రాసింది. ఇది గురువారం ఉదయం, మీ ఆసుపత్రి గేటు లోపల బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. గాలి మార్పుగా ఉంటుందని చెప్పి ఆయనతో బండి మీద వచ్చాను. ఆయన పనిముట్ల సంచి దింపుకుంటున్నారు. ఆయన ఇటు వచ్చేలోపు రాసేయాలి.

మూడు ఉత్తరాల్లో నేను రాసిన చెంచాలన్నీ అబద్ధం. కేంద్రానికి తెచ్చిన నాలుగు డబ్బాలూ రోజూ పంపు కింద కడిగేస్తున్నాను. అత్తయ్య ఎదురుగా మింగిన రెండూ కడుపులో నిలవడం లేదు. నేను కక్కేది పంపు నీళ్ళ చప్పుడులో అత్తయ్యకు వినపడదు. ఇరవై రెండు రోజులుగా నా ఒంట్లో ఉన్నది నీళ్ళే.

పరీక్ష కోసం నేను పనిలోకి వెళ్ళలేదు. నేను లేకపోయినా ఆ పిల్లలు కుట్టగలరు. అత్తయ్య కళ్ళ ముందు తినకుండా ఉండలేక వెళ్ళాను. అక్కడ తిన్నావా అని అడిగే మనిషి లేదు.

ఆ కాగితంలోంచి నన్ను బయటికి తీసిన రోజు అందరం నవ్వామని రాశాను. నేను నవ్వలేదు. వీపు చీల్చి పక్కకు లాగగానే చల్లగాలి తగిలింది. వెనక్కి తిరిగి చూస్తే అంత మనిషి. ఇంతకాలం నేను ఇందులో ఉన్నానా అనిపించింది. ఇక ఇందులోకి రాను అని లోపల ఒట్టు పెట్టుకున్నాను. మీరు ఇంటికి పంపాక మొదటి చెంచా గంజి గొంతు దిగుతుంటే, దాంట్లోకి మళ్ళీ ఒక కాలు పెట్టినట్టయింది. ఆ తర్వాత ప్రతి చెంచా అంతే. నాకు ఆకలి వేయక కాదక్కా. చాలా ఆకలిగా ఉంది.

ఇది కళ్ళజోడు సంగతి కాదని నాకు తెలుసు. ఈ ఉదయం టేపు చేతిలోకి తీసుకుంటే, అంకెలు కనిపిస్తున్నాయి కానీ ఏది దేని తర్వాతో గుర్తు రాలేదు. అప్పుడు భయం వేసింది. దాన్ని చూసి వేసిన భయం వేరు, ఇది వేరు.

మీరు ఇది చదువుతున్నప్పుడు ఆయన మీ ఎదురుగా నిలబడి ఉంటారు. ఆయనకు ఏమీ తెలియదు. నేను బాగుపడుతున్నానని ప్రతి లిఫ్టులోనూ అందరికీ చెప్పుకుంటున్నారు. ఆయనకు మీరే చెప్పండి, నాకు నోరు రాదు. అత్తయ్యను ఒక్క మాట అననివ్వకండి, ఆవిడ తప్పేమీ లేదు.

ఇందాక లేచి మీ దగ్గరికి నేనే వద్దామని చూశాను. కాళ్ళు లేవడం లేదు. చక్రాల కుర్చీ తీసుకురండి. లోపల ఏది పెట్టినా తింటాను, మీరు మాత్రం పక్కకు వెళ్ళకండి. నేను మింగేదాకా నా ఎదురుగా కూర్చోండి.