ఎన్నటికీ పోని ఫ్యూజు

తకావొకా

కుషిరో చలిలో ఒంటరిగా వండుకు తింటున్న శ్రీవారికి,

తొకియె నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మామయ్యగారూ నేనూ బాగానే ఉన్నాం. కొత్త సంవత్సరానికి మీకు సెలవు దొరకలేదు కాబట్టి మీ వాటా మోచీ బియ్యపు ఉండలు కూడా ఆయనే తినేశారు. ఆయన దగ్గు తగ్గిందా అని మీరు అడిగారు. తగ్గింది. దగ్గు తగ్గగానే నోరు పెరిగింది. ముల్లంగి ఊరగాయలో ఉప్పు తక్కువైందని పూటపూటా వినిపిస్తున్నారు. మీ ఉన్ని బనియన్లు పార్సెల్ చేశాను. ముందు అవి వేసుకోండి, పాటలు తర్వాత విందురుగాని.

ఇక మీ ఉత్తరంలో సగానికి పైగా ఆక్రమించిన ఫ్యూజు సంగతి. రికార్డులు వినే యాంప్లిఫయర్‌కి బంగారు పూత ఫ్యూజు పెట్టాక శబ్దం ఇంకా తేటపడిందా, దాని మీది బాణం గుర్తు సరైన వైపే ఉందా, మిగతా పెట్టెలకూ అవే తెప్పించమంటావా అని అడిగారు. ఫోన్లో చెబుదామంటే పక్కనే మామయ్యగారు టీ తాగుతూ కూర్చుంటారు. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదివి అప్పుడు కోప్పడండి.

ఆ ఫ్యూజు పోయింది. మీరు క్రితంసారి వచ్చి వెళ్లిన కొద్ది రోజులకే, స్విచ్ వేయగానే టప్‌మంది. మీకు చెప్పకుండా మీ స్నేహితుడు ఎబిసావా గారికి ఫోన్ చేశాను. రికార్డులు వినే మీ బృందంలో అందరికన్నా పెద్ద చెవులు ఆయనవే కదా. ఆయన నారింజల సంచీతో వచ్చి, జేబులోంచి ఇంకో బంగారు పూత ఫ్యూజు తీశారు.

"ఇది వేద్దాం వదినగారూ! వందేళ్లకీ పోదు. చిన్న ఫ్యూజు పెడితే పాట పీక పిసికినట్టే. దీంతో గొంతు ఎలా విప్పుకుంటుందో చూడండి."

"యాంప్లిఫయర్ వెనకాల నాలుగు ఆంపియర్లని రాసుంది. దీని మీదేమో పది అనుంది?"

"భలేవారే! అంకెలు చెవికి వినబడతాయా ఏంటండీ?"

మీ స్నేహితుడు, పైగా నారింజలు తెచ్చిన మనిషి. ఎదురు చెప్పలేకపోయాను. రికార్డు పెట్టి "ఆహా, విన్నారా!" అంటే నేనూ తలూపి, టీ ఇచ్చి పంపాను.

ఏడాది చివర మన పేటలో నిప్పు కాపలా తిరుగుతారు కదా, ఈసారి ముందు నడిచింది మామయ్యగారే. భోజనాలు కాగానే చేతిలో చెక్కలు టకటకా కొట్టుకుంటూ "నిప్పు జాగ్రత్త! పొయ్యిలార్పారా? నిప్పు జాగ్రత్తమ్మా!" అని బయల్దేరారు. అగ్నిమాపక దళంలో పండిన గొంతు, నాలుగు వీధులకు వినబడుతుంది. ఇంట్లో ఎవరూ లేరు కదా అని నేను మీ గదిలో రికార్డు పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఏదో మాడు వాసన వచ్చింది. చూస్తే యాంప్లిఫయర్‌లోంచి పొగ! వెనకనున్న కాగితం తలుపు అప్పటికే గోధుమరంగుకు తిరిగింది. ప్లగ్గు పీకేసి, పెట్టెను తలుపుకు దూరంగా లాగి, కిటికీ తెరిచాను.

సరిగ్గా అప్పుడే కాపలా మన గుమ్మం ముందుకొచ్చింది. "నిప్పు జాగ్..." దగ్గర మామయ్యగారి గొంతు ఆగిపోయింది.

"పెద్దాయనా, పొగ మీ ఇంట్లోంచేనండోయ్!" అన్నారు పక్కింటి నుమాతా గారు.

మామయ్యగారు జోళ్లతోనే లోపలికొచ్చారు. నేను కాపురానికి వచ్చాక ఆయన అలా రావడం ఇదే మొదలు. "ఫ్యూజేదీ?" అన్నారు. పెట్టె కాస్త చల్లబడ్డాక తీసి ఇచ్చాను. చెక్కుచెదరకుండా మిలమిలా మెరుస్తోంది.

"అమ్మాయ్, ఫ్యూజు పుట్టిందే పోవడానికి. అది పోనని కూర్చుంటే ఇల్లు పోద్ది! ఇంట్లో కాపలావాణ్ణి జోకొట్టి పడుకోబెట్టి, నన్ను ఊరంతా అరవమన్నారా మీరు?"

మర్నాడు ఆయన ఇల్లిల్లూ తిరిగి తల వంచి క్షమాపణ చెప్పుకున్నారు. నేను ఆయన వెనకే నడిచాను. ఆ సిగ్గు చచ్చేదాకా మరిచిపోను.

రిపేరుకిస్తే, లోపల ఒక భాగం ఎప్పుడో చెడిందన్నారు. మీ ఫ్యూజు పోయింది అందుకేనట. అంటే అది తన పని తను చేసింది. మామూలు గాజు ఫ్యూజైనా అంత పనీ చేసేదట. కాబట్టి, ముచ్చటపడితే మంచి కంపెనీ బంగారు పూతదే పెట్టుకోండి, కానీ వెనక రాసిన అంకె దాటకండి. పోయిందంటే ఎందుకు పోయిందో చూడకుండా ఇంకోటి పెట్టకండి.

ఇక శబ్దం మాట. ఆకులు రాలే రోజుల్లో మీరు వచ్చినప్పుడు, ఫ్యూజు మార్చి, నన్ను మీ కుర్చీలో కూర్చోబెట్టి "తేడా తెలుస్తోందా?" అని అడిగారు. "వయొలిన్ ముందుకొచ్చినట్టుంది" అన్నాను. మీ ముఖం వెలిగిపోయింది. నాకు ఏ తేడా తెలియలేదండీ. పెళ్లయినప్పటి నుంచీ ఆ గదిలో నా పనల్లా టీ పెట్టి, చప్పుడు కాకుండా తలుపు వేసి రావడమే. నాకేం వినబడుతోందో మీరు అడగడం అదే మొదటిసారి. ఏమీ లేదంటే మళ్లీ అడగరేమోనని భయమేసింది. మీరేమో మా ఆవిడ చెవే చెవి అని బృందమంతా చాటారు. ఇక ఆ ఫ్యూజు పోయిందని మీకు ఎలా చెప్పను? ఎబిసావా గారి ముందు తలూపక ఏం చేయను? ఆ ఒక్క అబద్ధం నిలబెట్టుకోబోయి ఇల్లు కాల్చుకోబోయాను.

యాంప్లిఫయర్ బాగవుతుందో లేదో ఇంకా తెలియదు. బాగైతే నన్ను మళ్లీ ఆ కుర్చీలో కూర్చోబెట్టి అడగండి. ఈసారి తేడా తెలియకపోతే తెలియలేదనే అంటాను. అలా అన్నాక కూడా, ఆ తర్వాత ఇంకోసారి నన్ను అడుగుతారా? ఆ ఒక్కదానికి జవాబు రాయండి.

ఇట్లు,
మీ ఇంటావిడ
తొకియె