గీకేసిన కాలవ

ఫిబ్రవరి 18, మంగళవారం పొద్దున్న

అన్నయ్యకు,

తమ్ముడి నమస్కారాలు. అందరం క్షేమం అని మొదలుపెట్టాలి గానీ చెయ్యి రావడం లేదు. రెండు వీధుల అవతల ఉన్నవాడికి ఉత్తరమేమిటని నవ్వుకోకు. నీ గుమ్మం ఎక్కే మొహం నాకు లేదు. మీ మరదలి చేత పంపుతున్నాను.

మొక్కజొన్న పీచు వేస్తోంది. ఇప్పుడు తడి అందకపోతే కండెలో గింజ ఉండదని నీకు వేరే చెప్పాలా? మధ్యాహ్నానికే ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోతున్నాయి. మొన్న నా వంతు రోజున కాలవ పొడుగునా నడిచాను. నీ తూము దగ్గర నీళ్లు మోకాలి లోతు. నా మడి దగ్గరకొచ్చేసరికి పాదం కూడా మునగలేదు. గండి ఎక్కడా లేదు. ఎండ్రకాయ బొరియలు నాలుగు కనిపిస్తే బంకమట్టి కూరాను. అయినా అంతే. ఏడాదంతా ఇల్లు గడవాల్సింది ఈ పంట మీదే అన్నయ్యా.

సిగ్గు విడిచి ఇంకో మాట చెబుతాను. నీ తూము దగ్గర ఆగింది నీళ్లు చూడటానికి కాదు, నిన్ను పట్టుకోవడానికి. నెల కిందట నలుగురి ముందూ నిన్ను నీళ్ల దొంగ అన్నాను కదా, రుజువు వెతుక్కున్నాను. తీరా చూస్తే తూము తలుపుకి సాలీడు గూడు కట్టేసింది. అవతల నీ మొక్కలు నా వాటికంటే ముందే వాడిపోయాయి. పొలంలో ఉన్న వదినను ఇదేమిటని అడిగాను. ఆ మాట పడ్డప్పటి నుంచి మీ అన్నయ్య తన వంతు రోజున కూడా తూము ఎత్తడం లేదు, ఆ నీళ్లూ వాడికే పోనీ అంటున్నాడు అని చెప్పి, నా మొహం చూడకుండా వెళ్లిపోయింది. ఎంత పంతం నీది! నా నోటి దురుసు ఎంతో నీ మొండితనమూ అంతే.

ఎల్లుండి నీ వంతు, మర్నాడు నాది. ఆలోగా కాలవ అడుగున బంకమట్టి పరిచి, తడిపి తొక్కాలి. ఆ పని నీకు తెలిసినంత నాకు తెలియదు. ఒక్కసారి రా. తిట్టు, పడతాను. మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నోరు జారిన
నీ తమ్ముడు

తా.క.: నీళ్లు ఎటు పోతున్నాయో నాకు తెలుసు. పైన రాయడానికి ధైర్యం చాల్లేదు. మొన్న నడుస్తుంటే పాదాల కింద ఇసుక కరకరలాడింది. పోయిన ఎండాకాలం కాలవ పూడిక తీసేటప్పుడు, అడుగున జిగట ఒండ్రు ముట్టుకోకురా, నీళ్లు ఇంకిపోకుండా ఆపేది అదే అని నువ్వు మొత్తుకున్నావు. నువ్వు లేనప్పుడు చూసి, నీ తూము కింద నుంచి నా మడి దాకా ఇసుక తేలేలా గీకేశాను. మంచి ఎరువని కొంత నా మడిలో చల్లుకున్నాను, మిగతాది గట్టు మీద కుప్ప పోశాను. నువ్వు వదిలిన నీళ్లు కూడా ఆ ఇసుకే తాగేసింది. నిన్నటి నుంచి మీ మరదలూ నేనూ ఆ కుప్పను తట్టలతో వెనక్కి మోస్తున్నాం. ఆ నలుగురి ముందే ఈ మాట చెబుతాను. ఎల్లుండి నీ తూము ఎత్తు. ఎత్తకపోతే నేనే వచ్చి నీ మొక్కలకు నీళ్లు పెడతాను. ఈసారి నీళ్ల దొంగ అని నన్నే అననీ.