జ్వరం దిగిన మధ్యాహ్నం

చిరంజీవి తమ్ముడికి,

పెద్దక్క దీవెనలు.

ఉత్తరం మొదట్లో రాయాల్సిన వాక్యం ఒకటుంది, ఇక్కడ అందరం క్షేమమని. దానికి పైన చోటు వదిలి, కింద నుంచి మొదలుపెట్టాను. దేవుడు దయతలిస్తే ముగించేలోగా ఆ వాక్యం రాస్తాను. కంగారు పడకు. పడతావని తెలుసు, అయినా అంటున్నాను.

ఆసుపత్రిలో జ్వరాల వార్డు వరండాలో కూర్చుని రాస్తున్నాను. లోపల మంచం మీద ఉన్నది నీ భార్య. డెంగ్యూ. సెలైన్ ఎక్కుతోంది. నన్ను గుర్తుపడుతోంది. ఇంతవరకు చదివి, లేచి కాసిని నీళ్లు తాగి, అప్పుడు మిగతాది చదువు.

మీ ఓడ ఆ నది రేవులో సరుకు కోసం ఆగినంతకాలం ఫోన్ అందదని నువ్వే రాశావు. మీ ఆఫీసు ఉత్తరాల సంచి రేపు పొద్దున ఆ వైపు వెళ్తుందట. అందులో ఇది పడాలి.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. మన టైర్ల కొట్టు పైకప్పు కారడం లేదు. నా మోకాలు నొప్పి నాకు తోడుగా అలాగే ఉంది. పంక్చర్ మామ కొత్త పళ్లు కట్టించుకుని, టైర్లు కొనడానికి వచ్చినవాళ్లందరినీ నవ్వి భయపెడుతున్నాడు. ఓడ మీద వాన నీళ్లు తాగడానికి వచ్చే పిట్టల గురించి నువ్వు రాసింది మరదలు నాకూ, మామకూ, ఆఖరికి గాలి పట్టించుకోవడానికి వచ్చిన లారీ డ్రైవరుకూ చదివి వినిపించింది. నువ్వు పంపిన టార్పాలిన్ అందింది. దాని సంగతి తర్వాత రాస్తాను.

వానలు మొదలయ్యాయా అని అడిగావు. ఈసారి ముందే వచ్చాయి. దంచికొట్టి ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఆ వెంటనే ఎండ. ఎండ కూడా కాదు, ఉడుకు. ఆరేసిన బట్ట ఆరదు, ఒంటి మీద చెమట ఇంకదు. అమ్మ ఆకాశం చూసి ఏ జబ్బు గుమ్మం తొక్కుతుందో చెప్పేది, గుర్తుందా? తొలివాన పడగానే వాంతులు, విరేచనాలు వస్తాయని నీళ్లు కాచేది. చలి మొదలైతే మన వీపులకు చెవి పెట్టి వినేది. వాన వెలిసి ఎండ కాస్తే మాత్రం పొడుగు చేతుల చొక్కాలు తొడిగేది. ఉక్కపోస్తోందని నువ్వు ఏడిస్తే "ఉడికితే ఉడుకు, ఊడదీశావో చంపుతా" అనేది. ఎందుకో మాత్రం చెప్పేది కాదు. అమ్మకూ తెలియదేమో.

ఇక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఏటా వానాకాలం చివర్లో నిండే వార్డు ఈసారి మొదట్లోనే నిండిందట. "జోరువానకు దోమ పిల్లలు కొట్టుకుపోతాయండీ. వాన ఆగి నీళ్లు నిలిస్తేనే పెరుగుతాయి. వేడి ఎక్కువైతే దోమా తొందరగా పెరుగుతుంది, దాని ఒంట్లో జబ్బూ తొందరగా పండుతుంది" అంది. మన వీధిలో ఇంటికొకరు పడ్డారు. మన ఇంటి వంతు మరదలిది.

కొట్లో ఉండగానే జ్వరం కాసింది. నువ్వు ఆమెకు రేడియో అని పేరెందుకు పెట్టావో జ్వరంలో ఇంకా బాగా తెలిసింది.

"వదినా, నా కళ్ల వెనకాల ఎవరో టైరుకి గాలి కొడుతున్నారు."

"మాట్లాడకు, పడుకో."

"మాట్లాడకపోతే పేలిపోతుంది వదినా!"

వార్డుకు వచ్చాక చుట్టుపక్కల మంచాలవాళ్ల పుట్టుపూర్వోత్తరాలన్నీ రాబట్టింది. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడదో కూడా. "పెద్దమ్మా, ఈవిడకి సెలైన్ కాదు, స్విచ్ పెట్టించాలి" అంది నర్సు. ఒళ్లు కాలిపోతున్నా మరదలు నవ్వింది. ఆ నవ్వు చూసి నేను ధైర్యంగానే ఉన్నాను.

ఈరోజు మధ్యాహ్నం జ్వరం దిగింది. నుదుటి మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. కళ్లు మూసుకుని దేవుడికి దండం పెట్టుకున్నాను. "ఇంటికి పోదాం వదినా" అంది. నేనూ సరేనన్నాను. మామను ఆటో తెమ్మని పంపాను. డాక్టరమ్మ వచ్చి చూడగానే బయలుదేరడమే కదా అని దుప్పటి మడతపెట్టి, ఫ్లాస్కు సంచిలో సర్దాను.

ఆటో వచ్చేలోగా పొద్దుపోవడానికి నీ ఉత్తరం మళ్లీ చదవనా అని అడిగాను. గోడ వైపు తిరిగి పడుకుంది. అలసిపోయిందనుకున్నాను. జుట్టు ముడి వేద్దామని మెడ దగ్గర చెయ్యి పెడితే చన్నీళ్లు పోసినట్టు చెమట. చేతులు పట్టుకుంటే మంచు. "ఏమైందే?" అన్నాను. "కడుపు" అంది. అంతే, ఒక్క మాట. నీ ఉత్తరం చదువుతానంటే గోడ వైపు తిరిగిన మనిషి, ఒక్క మాట అని ఆగిపోయింది.

తమ్ముడూ, ఆమె ఎన్నేళ్లుగానో నా చెవులు తింటోంది. నోరు మూసుకోవే అని ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆ ఒక్క మాట తర్వాతి నిశ్శబ్దం మాత్రం వినలేకపోయాను. సంచి కింద పడేసి నర్సును కేకేశాను.

నర్సు గోరు నొక్కి ఎరుపు తిరిగి వస్తుందా అని చూసింది, బీపీ చూసింది, పరుగెత్తింది. డాక్టరమ్మ వచ్చి నా సంచి వంక చూసింది.

"జ్వరం తగ్గిందని ఇంటికి బయలుదేరారా?"

"అవునమ్మా."

"జ్వరం దిగేటప్పుడే అసలు గండం. రక్తంలోని నీరంతా నరాల్లోంచి బయటికి జారిపోతుంది. దారిలో ఉండి ఉంటే..." అని ఆపేసింది.

ఇక్కడిదాకా రాసి లేచాను, లోపలికి పిలిస్తే. మళ్లీ వచ్చి కూర్చున్నాను. నాడి ఇప్పుడు కొంచెం అందుతోందట. ఇంకా పలకడం లేదు. నా ప్రార్థనలో మాటలు అయిపోయాయి. గొట్టంలో చుక్క పడటం, ఇంకో చుక్క పడటం, అదే చూస్తున్నాను. ప్రార్థన అంటే ఇదేనేమో, నాకు తెలియదు.

ఇప్పుడు టార్పాలిన్ సంగతి. ఆసుపత్రిలో చేరిన రోజే మరదలు నా చేత ఒట్టు వేయించుకుంది, నీకు చెప్పనని. ఆ ఒట్టు తప్పుతున్నాను.

పాత టైర్లలో నీళ్లు నిలవకుండా దొడ్లో వరసలన్నీ కలిపి కప్పమని రాశావు కదా. అలాగే కప్పాము. మన వీధిలో జ్వరాలు మొదలయ్యాక దోమల శాఖ మనిషి వచ్చాడు. మామ కొత్త పళ్లన్నీ బయటపెట్టి "సార్, ఏ టైరైనా చూసుకోండి, చుక్క నీరుంటే నా పేరు మార్చుకుంటా" అన్నాడు. నిజమే, ఒక్క టైరులోనూ చుక్క లేదు. ఆ మనిషి టైర్ల వంక చూడనే లేదు. టార్పాలిన్ మీదకు వంగి చూశాడు. రెండు వరసల మధ్య అది ఉయ్యాలలా కుంగి, నిండా వాన నీళ్లు పట్టింది. నీళ్లు తేటగా, తాగేలా ఉన్నాయి. వాటిలో పురుగులు కొక్కేల్లా వంకర్లు తిరుగుతున్నాయి. "టైర్లకి గొడుగు పట్టి, గొడుగులో చెరువు కట్టారు" అన్నాడు. మామ నోరు మూసేశాడు.

ఆ టార్పాలిన్ అంచు నీడలోనే మరదలు రోజూ మధ్యాహ్నం కుర్చీ వేసుకుని నీ ఉత్తరాలు చదివేది. ఈ దోమ పగలే కుడుతుందట.

నువ్వు పంపినదాని వల్ల ఇలా అయిందని తెలిస్తే అక్కడ ఒంటరిగా కుమిలిపోతావని ఆమె భయం. కుమలకు. నువ్వు కప్పమన్నావు, వదులుగా కట్టింది మేము. మరి ఇప్పుడు ఎందుకు చెబుతున్నానంటే, డాక్టరమ్మ ఇందాక ఒక మాట అడిగింది. "ఈవిడకి ఇంతకుముందు ఇలాంటి జ్వరం వచ్చిందా?" మీ పెళ్లయిన ఏడాది వానల్లో వచ్చింది. మొదటిసారి కన్నా రెండోసారి ఎక్కువ ప్రమాదమట. ఆ మాట వినగానే నువ్వు గుర్తొచ్చావు. ఆ ఏడాది జ్వరం మీ ఇద్దరికీ వచ్చింది. ఒక్క దుప్పటి కోసం ఇద్దరూ కొట్టుకుంటే విడిపించింది నేనే.

నీ పిట్టలు ఎక్కడ నీళ్లు తాగుతున్నాయని రాశావో గుర్తుందా? డెక్కు మీది చిన్న పడవలకు కప్పిన టార్పాలిన్ మీద.

ఇది చదవగానే పైకి వెళ్లు. ఆ నీళ్లు పారబోయి. మధ్యలో కర్ర నిలబెట్టి, నీళ్లు రెండు వైపులా జారిపోయేలా బిగించి కట్టు. మీ కెప్టెన్ నవ్వితే నవ్వనీ. పగలు పొడుగు చేతుల చొక్కా వేసుకో. జ్వరం వస్తే నొప్పి మాత్రలు నీ అంతట నువ్వు మింగకు, రేవులో డాక్టరు దగ్గరికి వెళ్లి ఇది రెండోసారి కావచ్చని చెప్పు. జ్వరం దిగితే సంతోషించి డెక్కు మీదకు పనికి పోకు. నాలాగా సంచి సర్దకు.

నర్సు మళ్లీ పిలిచింది. వెళ్లి వచ్చాను.

మరదలు కళ్లు తెరిచింది. నా చేతిలో కలం చూసింది.

"ఎవరికి రాస్తున్నారు వదినా?"

"నీ మొగుడికి."

"ఒట్టు వేశారుగా?"

"దేవుడితో నేను మాట్లాడుకుంటాలే."

మళ్లీ కళ్లు మూసుకుంది. స్పృహ తప్పిందేమోనని చెయ్యి పట్టుకున్నాను. ఇందాకటి మంచు లేదు. అప్పుడు మెల్లగా అంది: "పారబోస్తే పిట్టలు ఏం తాగుతాయి? ఒక గిన్నె పెట్టమని రాయండి. రోజూ నీళ్లు మార్చమనండి. బద్ధకిస్తాడు, రెండుసార్లు రాయండి."

రాశాను. గిన్నె పెట్టు, రోజూ నీళ్లు మార్చు. గిన్నె పెట్టు, రోజూ నీళ్లు మార్చు.

రేపు సాయంత్రం దాటితే గానీ గండం గడిచిందని చెప్పలేనంటోంది డాక్టరమ్మ. ఉత్తరాల సంచి అప్పటిదాకా ఆగదు. అందుకని పైన వదిలిన చోటు ఖాళీగానే వస్తోంది, చూసి భయపడకు. అబద్ధం రాయలేక వదిలాను. ఇక్కడి కబురు తెలియగానే మళ్లీ రాస్తాను. ఈలోగా ఆ వాక్యం నీ దగ్గర నుంచి రావాలి. ముందు ఆ నీళ్లు పారబోసి, చేతులు తుడుచుకుని, ఆ తర్వాతే కూర్చుని క్షేమమని రాయి.

ఇట్లు,
వార్డు తలుపు వైపే చెవి పెట్టుకుని ఉన్న
నీ పెద్దక్క