తాడు జారిన రోజు

సున్నెవాకు,

నీ ఉత్తరం సోమవారం పడవలో అందింది. అమ్మాయికి సుఖంగా కాన్పయిందని, మనవరాలు పాలు బాగా తాగుతోందని చదివాక మనసు కుదుటపడింది. ఇక్కడ ఇంట్లో అంతా కులాసా. గొర్రెల ఉన్ని తీయడం పూర్తయింది. నువ్వడిగిన నల్ల ఉన్ని విడిగా కట్టి ఉంచాను.

రాత్రిళ్లు చేతుల తిమ్మిరి ఎలా ఉందని అడిగావు. తగ్గిందని కిందటిసారి రాశాను. అబద్ధం. రోజూ రెండింటికో మూడింటికో మెలకువ వస్తోంది. మోచేతుల దాకా చీమలు పాకినట్టుంటుంది, వేళ్లు నావి కానట్టుంటాయి. మంచం మీద కూర్చుని చాలాసేపు విదిలిస్తే గానీ వాటికి ప్రాణం రాదు.

నీ తమ్ముడు త్రోండుర్ కాలు బెణికిందని మీ అమ్మ రాసే ఉంటుంది. ఎలా బెణికిందో ఆవిడకు తెలియదు. నేను చెప్పాలి.

పక్షి గుడ్ల కోసం కొండ అంచుకు వెళ్లాం. ఎప్పటిలాగే తాడు మీద మొదటి పట్టు నాది. నా వెనక ముసలి యాకుప్, అతని వెనక మరో నలుగురు. త్రోండుర్ నడుముకు తాడు కట్టుకుని, "గట్టిగా పట్టుకో బావా, నాకింకా పెళ్లి కాలేదు!" అని నవ్వుతూ దిగాడు.

అతణ్ణి పైకి లాగుతుండగా, పట్టపగలు, అదే తిమ్మిరి వచ్చింది. తాడు చేతిలో ఉందో లేదో తెలియలేదు. చూసేసరికి జారిపోతోంది. త్రోండుర్ కాలు రాతికి కొట్టుకుని మడత పడింది, కింద నుంచి కేక. యాకుప్ తాడును భుజానికి చుట్టుకుని వెల్లకిలా పడి ఆపాడు. అతని అరచేతుల తోలు ఊడిపోయింది.

యాకుప్ పడిపోవడం వల్లే తాడు జారిందనుకున్నారు అందరూ. "ముసలోడివి, ఇంట్లో కూర్చోక ఎందుకొచ్చావయ్యా?" అని మీద పడ్డారు. అతను నా వైపు చూశాడు. నేను నోరు మెదపలేదు. తొమ్మిది రోజులు మెదపలేదు, సున్నెవా. ఆదివారం చర్చిలో అతని పక్కన ఎవరూ కూర్చోలేదు.

నిన్న పడవల కొట్టం దగ్గర అందరి ముందూ చెప్పేశాను.

"తిమ్మిరని ముందే చెబితే ఏం పోయేది బావా?" అన్నాడు త్రోండుర్.

"మొదటి పట్టు వేరేవాళ్లకిచ్చేస్తారని..."

"నా ప్రాణం కన్నా అదెక్కువైందా నీకు?" అని కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

తర్వాత యాకుప్ ఇంటికి వెళ్లాను. కట్లు కట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. "నువ్వు చెప్పకపోతే చచ్చేదాకా నీతో మాట్లాడకూడదనుకున్నా. కూర్చో. కాఫీ నువ్వే పొయ్యి" అన్నాడు. ఇద్దరికీ పోశాను. అతని కప్పు నేనే పట్టుకుని తాగించాను.

బుధవారం తోర్స్‌హావ్న్‌లో డాక్టరుకి చూపించుకుంటున్నాను. తాడు ఇక పట్టను. త్రోండుర్ ఇంకా మన గుమ్మం తొక్కలేదు. నా తరఫున అతణ్ణి బతిమాలకు. ఆ పని నాది. ఎన్నిసార్లు తలుపు వేసినా వెళ్తూనే ఉంటాను.

ఇట్లు,
నీ తిట్లకు సిద్ధంగా ఉన్న భర్త,
హనుస్