వంటాయన జేబులో పెన్సిలు

అక్కా, నేను బాగానే ఉన్నాను. రేడియోలో యుద్ధం గురించి ఏం చెప్పినా అమ్మ చెవిన పడనీయకు.

మా జేబుల్లో దువ్వెనలు, అద్దం ముక్కలు, ఇంటి ఫొటోలు ఉంటాయి. మా వంటాయన జేబులో మాత్రం బొటనవేలంత పెన్సిలు ఒక్కటే. బయల్దేరేటప్పుడు కూతురు బడిసంచిలోంచి తీసి ఇచ్చిందట. అప్పటికి ఆయనకి అక్షరం ముక్క రాదు. మేం నలభైమందిమీ ఇళ్ళకి రాసేది దాంతోనే. మొన్న బాంబులు పడుతుంటే అందరం బోర్లా పడుకున్నాం. పెన్సిలు విరుగుతుందని ఆయన వెల్లకిలా పడుకున్నాడు. తిట్టాను. "నేను పోతే ఒక్క ఇల్లే ఏడుస్తుంది. ఇది విరిగితే నలభై ఇళ్ళు బెంగపెట్టుకుంటాయి" అన్నాడు. ఆ మనిషి మాడ్చి పెట్టినా ఇక వంక పెట్టను.

అమ్మ కంటి ఆపరేషను అయిందా? బావ దగ్గు తగ్గిందా? రెండు జతల మేజోళ్ళు, రెండు పెన్సిళ్ళు పంపు. నాన్నకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

అన్నట్టు, ఈ కార్డు మీద అడ్రసు వంటాయనే రాశాడు. మా దగ్గరే నేర్చుకున్నాడు. వంకర అక్షరాలు దిద్దబోతే నన్ను ముట్టుకోనివ్వలేదు. అందగానే జవాబు రాయి. ఆయన రాత పోస్టుమాన్ చదవగలిగాడని తేలితే, తరవాతి కార్డు కూతురికి రాస్తాడట.

నీ తమ్ముడు