బామ్మ విసిరినంత గట్టిగా

నాయనా క్లైడ్,

అభిమానుల సంతాప సభ కోసం నువ్వు రాసి పంపిన ప్రసంగం చదివాను. ఆర్విన్ టెష్ చివరి బేస్‌బాల్ ఆట నాడు అందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టామని రాశావు. లేచిన మాట నిజమే. చప్పట్లు మాత్రం ఎవరూ కొట్టలేదు. అవతలివాళ్లు బంతిని ప్రేక్షకుల్లోకి బాదగా వరుసగా రెండో హోమ్ రన్ ఇచ్చుకుని అతను తలవంచుకుని మైదానం దాటుతుంటే స్టేడియమంతా ఊళలు వేసింది. పద్నాలుగేళ్లు మన జట్టుకు పిచర్‌గా బంతి విసిరిన మనిషికి మనం పట్టిన హారతి అది. ఇప్పుడు ప్రతివాడి కంటా నీళ్లే. పోయిన పిచర్‌ని ప్రేమించడం తేలిక, అతనింక హోమ్ రన్‌లు ఇవ్వడు.

నీ కేక కూడా నాకు గుర్తుంది. "దిగిపోవయ్యా ముసలోడా, మా బామ్మ నీకంటే గట్టిగా విసురుద్ది" అన్నావు. ముందు వరుసలో కూర్చున్నావిడ వెనక్కి తిరిగి, నిన్ను కాదు, నీ పక్కన స్కోరు రాసుకుంటూ పెన్సిలు పట్టుకున్న నా చేతిని చూసింది. ఆవిడ అతని భార్య లెనోరా. నీకు తెలియదు, నాకు తెలుసు. అయినా నవ్వాను.

సభలోనూ ఆవిడ ముందు వరుసలోనే కూర్చుంటుంది. ఆ చప్పట్ల వాక్యం కొట్టెయ్.

శుక్రవారం మా ఇంటికి రా. బీరువా అడుగు అరలో నా స్కోరు పుస్తకాలున్నాయి. అతను మన ఊళ్లో విసిరిన ప్రతి బంతీ వాటిలో ఉంది. తీసుకెళ్లి లెనోరాకు ఇవ్వు. గుమ్మంలో పెట్టి వచ్చెయ్యకు, గంట కొట్టి చేతికివ్వు. తలుపు తియ్యగానే నెత్తిన టోపీ తియ్యి. ఎవరు పంపారని అడిగితే, గట్టిగా విసరడం చేతకాని బామ్మ అని చెప్పు.

మీ బామ్మ